నాలుగ్గంటలకే మారిపోయే తేదీ

విదేశాంగ శాఖ భవనంలో కింది అంతస్తున, మెట్ల పక్కన ఒక చిన్న కిటికీ ఉంది. అది గాలి కోసం పెట్టిన కిటికీ కాదు. ఊళ్ళో ఉన్న రాయబార కార్యాలయాలు ప్రభుత్వానికి ఏం రాసినా, ఆ కాగితం ముందు ఆ కిటికీలోంచే లోపలికి రావాలి. ఫలానా రాయబారి సెలవు మీద వెళుతున్నాడు, ఫలానా వారి వంటమనిషి మారాడు, ఫలానా కారుకి కొత్త నంబరు కావాలి, ఇలాంటివి రోజుకు ముప్ఫై నలభై. కిటికీ వెనక ఒక బల్ల, బల్ల మీద రిజిస్టరు, రబ్బరు స్టాంపు, వాటి వెనక ఇరవై రెండేళ్ళుగా కదలకుండా ఒకే మనిషి. ఆయనకు అమ్మానాన్నలు పెట్టిన పేరొకటి ఉండే ఉంటుంది గానీ, ఆ భవనంలో దాన్ని పలికిన పాపాన ఎవరూ పోలేదు. అందరికీ ఆయన నాలుగ్గంటలాయన.

ఆ పేరెలా వచ్చిందో ముందు చెప్పుకోవాలి. ఆయన ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక సెక్షన్ ఆఫీసరు ఉండేవాడు. ఏ లేఖ అందినా మూడో రోజుకల్లా జవాబు వెళ్ళాలన్నది పైవాళ్ళ ఆజ్ఞ. ఆఫీసు మూసే వేళకి వచ్చిన లేఖను కూడా ఆ రోజుకే కడితే తనకు ఒక రోజు తగ్గిపోతోందని ఆ ఆఫీసరు ఏడుపు. ఒకనాడు విసుగెత్తి, నాలుగు దాటాక వచ్చినవాటిని రేపటివనుకోవయ్యా, ఏం మునిగిపోతుంది అన్నాడు. అన్నవాడు ఆరు నెలల్లో బదిలీ అయిపోయాడు. అన్న మాట మాత్రం ఇక్కడే ఉండిపోయింది. ఆనాటి నుంచి సరిగ్గా నాలుగు కొట్టగానే మనవాడు స్టాంపు తిరగేసి, తేదీ చక్రాన్ని బొటనవేలి గోటితో ఒక పన్ను ముందుకు తిప్పుతాడు. నాలుగూ ఒకటికి ఎవరొచ్చినా కాగితం మీద రేపటి తేదీ పడుతుంది. రిజిస్టరులో మర్నాడు పొద్దున తొమ్మిది గంటలకు అందినట్టు ఎక్కుతుంది. ఇది ఏ నిబంధనలోనూ లేదు, ఏ ఫైల్లోనూ రాసి లేదు, ఇదేమిటని అడిగిన మొనగాడూ లేడు. ఆఫీసుల్లో చాలా అలవాట్లు ఇలాగే పుడతాయి. ఎవరో విసుక్కుంటారు, ఇంకెవరో ఆ విసుగుని శాసనంలా పట్టుకు వేలాడతారు.

ఆయన అలా వేలాడటానికి కారణం భక్తి కాదు, భయం. అంత భయస్థుణ్ణి ఆ భవనంలో ఎవరూ చూడలేదు. లిఫ్టంటే భయం, మధ్యలో ఎక్కడ ఆగిపోతుందోనని. ఫోను మోగితే భయం, మోగకపోతే ఎందుకు మోగలేదోనని భయం. పై అధికారి కోప్పడితే కొంత నయం, నవ్వాడంటే మాత్రం ఆ నవ్వుకి అర్థమేమిటో రెండు రోజులు తల బద్దలు కొట్టుకునేవాడు. ఇంటికి తాళం వేసి వీధి చివరిదాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కొచ్చి తాళం లాగి చూసుకునేవాడు. భార్య బళ్ళో చిన్నపిల్లలకు పాఠాలు చెబుతుంది. గట్టి గొంతు, గట్టి మనిషి. ఈయన్ని కట్టుకున్నాక మా ఇంటికి కుక్క అవసరం లేకుండా పోయింది, ఆకు కదిలినా ఈయనే లేచి కూర్చుంటారు అని నలుగురిలో నవ్వేది. ఆయనా నవ్వేవాడు.

ఈ భయం తండ్రి ఇచ్చి పోయిన ఆస్తి. తండ్రి ఒక కర్మాగారంలో మరమ్మతుల మేస్త్రీ. వీధిలో జరిగిన ఒక కొట్లాటకు సాక్షిగా సంతకం పెట్టాడు. పెట్టిన పాపానికి ఏడాదిన్నర పాటు కోర్టు వాయిదాలకు తిరిగాడు. ఆ మధ్యలో ఒక సాయంత్రం ఎవరో సైకిలు మీంచి తోసేసి కాలు విరగ్గొట్టారు. మంచాన పడి ఉన్న రోజుల్లో కొడుకుని దగ్గర కూర్చోబెట్టుకుని ఒకటే చెప్పాడు: సంతకం పెట్టేముందు చదువు, చదివాక వీలైతే పెట్టకు. అలాంటి తండ్రికి పుట్టినవాడు రోజుకు నలభై పొట్టి సంతకాలు పెట్టే ఉద్యోగంలో పడటం దేవుడి పరాచికం అనుకోవాలి.

ఆ గురువారం పొద్దుటి నుంచీ ముసురు. నాలుగు కొట్టింది. ఆయన చక్రం తిప్పి, రిజిస్టరు మూయబోతుంటే కిటికీ అవతల ఒక అమ్మాయి వచ్చి నిలబడింది. పాతికేళ్ళుంటాయి. జుట్టు తడిసి నుదుటికి అంటుకుపోయింది. పరదేశి. ఇక్కడి భాష మాట్లాడుతోంది గానీ ఒక్కో మాటా తుడిచి పెడుతున్నట్టు మాట్లాడుతోంది. రెండేళ్ళుగా ఇక్కడి విశ్వవిద్యాలయంలో ఈ భాషే చదువుకుందట. ఈ వారమే వాళ్ళ దేశపు రాయబార కార్యాలయం ఆమెను టైపిస్టుగా తీసుకుంది. తన నియామకం గురించిన లేఖను తనే తెచ్చింది, రోజూ తెచ్చే డ్రైవరుకి జ్వరమట.

ఆయన టైమైపోయిందన్నాడు. ఆమె కదల్లేదు.

"ఈ కాగితం మీకు అందితేనే నేను ఉద్యోగినట. అందకపోతే ఇంకా విద్యార్థినే," అని నవ్వింది. "ఇంత వానలో విద్యార్థినిగా వెనక్కి పంపకండి."

నవ్వే మనిషిని కాదనాలన్నా ఆయనకు భయమే. లేఖ తీసుకుని స్టాంపు కొట్టాడు. శుక్రవారం తేదీ పడింది. ఆమె తెచ్చిన డెలివరీ పుస్తకంలో పొట్టి సంతకం పెట్టాడు. టైము కూడా వేయండి, మా అధికారి అడుగుతారు అంది. గోడ గడియారం చూసి, సంతకం పక్కన 4-10 అని వేశాడు. తేదీ వేయలేదు. అవతలివాళ్ళ పుస్తకంలో తేదీ వేయాలంటే ఈ రోజుది వేయాలా రేపటిది వేయాలా అన్న తంటా ఒకటుంది, అందుకని ఆ అలవాటు ఏనాడో మానేశాడు.

ఆమె వెళ్ళాక లేఖ చదివాడు. చేతికొచ్చిన ప్రతి లేఖా చదవడం ఆయనకు వ్యసనం. ఇరవై రెండేళ్ళ చదువు కదా, దేశాల మధ్య దౌత్య సంబంధాలకున్న చట్టం ఆయనకు వకీళ్ళకు తీసిపోనంత వచ్చు. ఎవరూ అడగలేదు గనక ఆయన చెప్పలేదు, అంతే. రాయబార కార్యాలయంలో పనిచేసే పరదేశిని ఇక్కడి పోలీసులు పట్టుకోకూడదు, బంధించకూడదు. ఉద్యోగం కోసం బయటి నుంచి వచ్చేవాళ్ళకు సరిహద్దు దాటి కాలు పెట్టిన క్షణం నుంచి ఆ రక్షణ ఉంటుంది. ముందే ఈ దేశంలో ఉన్నవాళ్ళకు మాత్రం, ఫలానా మనిషి ఇకపై మా ఉద్యోగి అని రాసిన కాగితం విదేశాంగ శాఖకు అందిన క్షణం నుంచి. అంటే ఆ అమ్మాయికి రక్షణ మొదలైంది నాలుగూ పదికి, ఆ కిటికీ దగ్గర. ఆ సంగతి సరిగ్గా తెలిసింది ఇద్దరికే. ఆయనకూ, ఆమెకూ.

శుక్రవారం పొద్దున కుర్చీలో కూర్చోకముందే భవనమంతా గుసగుసలు. నిన్న సాయంత్రం ఏడింటికి బస్టాండులో ఒక పరదేశి అమ్మాయిని పట్టుకెళ్ళారట. సంచిలో ఒక జాబితా దొరికిందట. ఈ మధ్య ఊళ్ళో ఇంటి నుంచి వెళ్ళి తిరిగి రాని మనుషుల పేర్లు, ఎవరిని ఎక్కణ్ణుంచి ఏ బండిలో ఎక్కించుకెళ్ళారో వివరాలతో సహా. ఎవరిచ్చారో చెప్పమంటున్నారట. ఆ మనుషుల గురించి భవనంలో అందరికీ తెలుసు, ఎవరూ పైకి మాట్లాడరు. టీ తెచ్చే ఆవిడ కూడా కప్పు పెడుతూ గోడ వైపు చూసి చెప్పింది ఈ కబురు.

పదింటికి ఆ అమ్మాయి పనిచేసే కార్యాలయం పెద్దాయన మేడ మీదికి వచ్చి, ఆమె మా ఉద్యోగిని, తక్షణం వదలండని బల్ల గుద్దాడట. పైవాళ్ళు రిజిస్టరు తెప్పించుకుని చూశారు. శుక్రవారం, తొమ్మిది గంటలు. మీ మనిషిని పట్టుకున్నాక, కాపాడుకోవడానికి పొద్దున్నే పుట్టించిన కాగితం ఇది, చెల్లదు అన్నారు. ఆ పెద్దాయన గురువారమే పంపామన్నాడు. రుజువేదీ అంటే, డెలివరీ పుస్తకం ఆమె సంచిలోనే ఉండిపోయింది, ఆ సంచి మీ పోలీసుల దగ్గరే ఉంది అన్నాడు. వీళ్ళు భుజాలెగరేశారు.

ఈ మాటలు నాలుగ్గంటలాయన చెవినా పడ్డాయి. గురువారమే వచ్చిందని చెప్పాలంటే ఆ తేదీ ఎలా పడిందో చెప్పాలి. అది చెబితే, ఇరవై రెండేళ్ళుగా పరదేశాల లేఖల మీద తను కొట్టిన తప్పుడు తేదీలన్నీ వరసగా లేచి నిలబడతాయి. ఎవరు చెప్పారయ్యా నీకు అంటే, చెప్పినవాడి పేరు కూడా సరిగ్గా గుర్తు లేదు. ప్రభుత్వ రికార్డులో అబద్ధం రాయడానికి ఉన్న శిక్ష ఏమిటో కూడా ఆయన చదివే ఉన్నాడు.

పదకొండింటికి ఒకాయన కిటికీ దగ్గరికి కాక, తలుపు తీసుకుని గదిలోకే వచ్చాడు. మామూలు చొక్కా, మామూలు ప్యాంటు, అడుగేస్తే చప్పుడు కాని రబ్బరు బూట్లు. ఏ శాఖో ఆయన చెప్పలేదు, ఈయన అడగలేదు. ఎంతో మర్యాదగా పలకరించి, కుర్చీ తనే లాక్కుని కూర్చున్నాడు. కొందరు గొంతు పెంచరు చూడండి, వాళ్ళ ముందు మిగతావాళ్ళ గొంతు దానంతటదే పడిపోతుంది. ఆ మెత్తనాయన సంచిలోంచి డెలివరీ పుస్తకం తీసి, పేజీ తెరిచి, ఈయన ముందుకు జరిపాడు.

"ఈ సంతకం మీదేనాండీ?"

తల ఊగింది. అవుననో కాదనో ఊపిన తలకే తెలియదు.

"పక్కన నాలుగు-పది అని ఉంది. టైమా అది, ఏదైనా నంబరా?"

ఒక్క మాట చాలు. టైమండీ అంటే అయిపోతుంది. ఆ పుస్తకం గురువారం ఏడింటి నుంచీ పోలీసుల దగ్గరే ఉంది కాబట్టి, ఆ నాలుగూ పది గురువారానిదే తప్ప ఇంకో రోజుది కావడానికి వీల్లేదు. ఆ సంగతి మెత్తనాయనకీ తెలుసు. తెలిసే వచ్చాడు. నాలుగ్గంటలాయన పుస్తకాన్ని వెనక్కి జరిపాడు.

"గుర్తు లేదండి," అన్నాడు.

"రోజుకి ఎన్ని వస్తాయి, ఎలా గుర్తుంటుంది పాపం," అన్నాడు మెత్తనాయన. "గుర్తు చేసుకోవాలని శ్రమ పడకండి. మీ అమ్మాయి రక్తపరీక్షల లేబులో చేస్తోంది కదా? మంచి ఉద్యోగం. జాగ్రత్తగా చేసుకోమనండి."

పుస్తకం సంచిలో పెట్టుకుని, తలుపు మెల్లగా దగ్గరికి వేసి వెళ్ళిపోయాడు. నాలుగ్గంటలాయన తను అబద్ధం ఆడలేదని మనసుకి చెప్పుకున్నాడు. కాదు అనలేదు, గుర్తు లేదు అన్నాను, రెండూ ఒకటి కాదు. పిరికివాళ్ళందరికీ ఈ వకాల్తా బాగా వచ్చు. మధ్యాహ్నం ఒకసారి గుండె చిక్కబట్టుకుని, మేడ మీదికెళ్ళి చెప్పేద్దామని మెట్లెక్కాడు. సగంలో బంట్రోతు ఎదురై ఏం కావాలండీ అన్నాడు. మంచినీళ్ళు ఉన్నాయేమోనని అన్నాడు ఈయన. బంట్రోతు కింద కుండ చూపించాడు. దిగి వచ్చి, దాహం లేకపోయినా రెండు గ్లాసులు తాగి కూర్చున్నాడు.

శనివారం మధ్యాహ్నం కూతురు లేబు నుంచి వచ్చి, చెప్పులు విప్పుతూ నవ్వుతూ చెప్పింది. ఇవాళ ఎవరో ఒకాయన వచ్చాడు నాన్నా, ఏ జబ్బూ లేదు, డాక్టరు చీటీ కూడా లేదు, ఊరికే రక్తం చూడమన్నాడు. సూది గుచ్చుతుంటే నీ గురించి అడిగాడు. మీ నాన్నగారు చాలా నెమ్మదస్తులమ్మా, అలాగే ఉండాలి అన్నాడు. నీకు తెలిసినవాడా?

ఆయన మొదట ఆ మనిషి బూట్లు ఎలా ఉన్నాయని అడిగాడు. కూతురు బూట్లెవరు చూస్తారు నాన్నా అని లోపలికి పోయింది. ఆ పూట ముద్ద దిగలేదు. నిద్ర సంగతి సరే సరి. వీధిలో బండి ఏది ఆగినా ఆయన ఊపిరి దానితోపాటే ఆగింది. కళ్ళు మూస్తే తడిసిన జుట్టుతో కిటికీ దగ్గర నవ్విన ముఖం. ఎక్కడుందో, ఏం చేస్తున్నారో. తెరిస్తే పక్క గదిలో కూతురి ఊపిరి. ఈ రెండింటి మధ్యా మనిషి నలిగిపోయాడు.

ఆదివారం మధ్యాహ్నం భార్య బడిపిల్లల పుస్తకాలు దిద్దుతూ కూర్చుంటే, ఎదురుగా నేల మీద కూర్చుని అంతా చెప్పేశాడు. చక్రం సంగతి, నాలుగూ పది సంగతి, మెత్తనాయన సంగతి, లేబు సంగతి. చెబుతున్నంతసేపూ లోపల ఒక ఆశ. ఆవిడ ధైర్యవంతురాలు, బస్సులో కండక్టరుతో పోట్లాడుతుంది, హెడ్‌మాస్టర్ని నిలదీస్తుంది. వెళ్ళి చెప్పండి, ఏమైతే అదవుతుంది అని అంటుందేమో. అంటే తను వెళతాడు. ఆవిడ ఎర్ర పెన్సిలు పక్కన పెట్టింది. దిద్దిన పుస్తకాలు దొంతరగా పేర్చింది.

"మీరేం చెప్పకండి," అంది చివరికి. "మిమ్మల్నిప్పుడు ఎవరూ అడగడం లేదు కదా."

లేచి వెళ్ళి, పట్టపగలు మూడింటికి వీధి తలుపు గడియ వేసింది. ఇరవై ఆరేళ్ళ కాపురంలో ఆవిడ భయపడగా ఆయన చూడటం అదే మొదలు. ముందు ఒళ్ళంతా తేలికైంది ఆయనకు, భారం ఇంకొకరు తీసుకున్నందుకు. ఆ తేలికని చూసి తనకే రోత పుట్టింది.

సోమవారం పదింటికి మేడ మీద నుంచి పిలుపొచ్చింది. పిలిచింది న్యాయ సలహాదారు. ఇంకో మూడు నెలల్లో పదవీ విరమణ చేయబోయే పెద్దావిడ. చిన్న తప్పున్నా ఫైలు మీద పెన్సిలుతో రెండు మాటలు రాసి వెనక్కి పంపేది. ఆ రెండు మాటలకు డైరెక్టర్లు కూడా వణికేవాళ్ళు. శుక్రవారం నుంచీ ఊళ్ళో లేదు, ఆ పొద్దునే వచ్చి ఫైలు చూసింది. పాత రిజిస్టర్లన్నీ తీసుకుని రమ్మంది. ఆయన గుండెలకు హత్తుకుని మోసుకెళ్ళి బల్ల మీద పెట్టాడు. ఆవిడ ఆయన్ని కూర్చోమనలేదు. ఒక్కో రిజిస్టరూ తెరిచి, పది పేజీలు తిప్పి, పక్కన పెట్టింది. నాలుగో రిజిస్టరు దగ్గర కళ్ళజోడు పైనుంచి చూసింది.

ఈ ఊళ్ళో రాయబారులంతా నాలుగింటికి పడుకుని నిద్రపోతారా అని అడిగింది. ఏ రోజు చూసినా నాలుగు తర్వాత ఒక్క కాగితమూ రాదు, మర్నాడు తొమ్మిదింటికి మాత్రం అరడజను ఒక్కసారే వచ్చి పడతాయి, ఇదేం వింత అంది. 

"ఆ అమ్మాయి కాగితం మీ చేతికి ఎప్పుడొచ్చింది?"

"గుర్తు..." అని ఆగిపోయాడు.

"గుర్తు లేకపోతే మీతో నాకు పని లేదు, వెళ్ళండి. వెళ్ళేముందు ఒక మాట వినండి. మన ఉద్యోగులు పరాయి దేశాల్లో భార్యాపిల్లలతో ఉన్నారు. అక్కడి పోలీసులు వాళ్ళ తలుపు తట్టకుండా ఆపేది మన సైన్యం కాదు. ఆ దేశంలో ఎక్కడో ఒక కిటికీ దగ్గర మీలాంటి గుమాస్తా, కాగితం అందిందని నిజంగా రాయడమే. ఆ ఒక్కటీ అబద్ధమైతే ఈ చట్టం మొత్తం చిత్తుకాగితం." పెన్ను మూత తీసింది. "ఎప్పుడొచ్చింది?"

ఇక్కడ ఆయనకు హఠాత్తుగా ధైర్యం పుట్టుకొచ్చిందని రాస్తే బాగానే ఉంటుంది గానీ, అది నిజం కాదు. మెత్తనాయనంటే ఉన్న భయం కంటే ఎదురుగా కూర్చున్న ఈ పెద్దావిడంటే ఉన్న భయం ఆ నిమిషానికి ఒక్క వీసం ఎక్కువైంది, అంతే.

"గురువారం. నాలుగూ పది," అన్నాడు.

తర్వాత ఆనకట్ట తెగినట్టు అంతా బయటికొచ్చింది. ఆవిడ మధ్యలో ఆపలేదు. అయ్యాక తెల్లకాగితం ఇచ్చి రాయమంది. రాస్తే ఉద్యోగం పోవచ్చని, ఇంకేమైనా కూడా కావచ్చని ముందే చెప్పింది. ఆ అమ్మాయిని కాయడానికి ఒక చట్టం ఉంది, మిమ్మల్ని కాయడానికి నా దగ్గర ఏదీ లేదు అని కూడా చెప్పింది. ఆయన రెండు వైపులా రాసి, పొట్టి సంతకం కాకుండా పూర్తి సంతకం పెట్టాడు. అది తన సంతకమేనని ఎవరైనా నమ్ముతారా అని అనుమానమొచ్చింది.

ఆవిడ ఆ కాగితం పట్టుకుని పై అంతస్తుకి వెళ్ళింది. ఏం మాట్లాడిందో ఎవరికీ తెలియదు. రెండింటికల్లా ఆ అమ్మాయిని వదిలేశారు. ప్రభుత్వం తప్పయిందని ఒప్పుకోలేదు, ఒప్పుకునే అలవాటు దానికి లేదు. ఆ ఉద్యోగిని మాకు సమ్మతం కాదు, రెండు రోజుల్లో దేశం వదిలి వెళ్ళాలి అని ఒక లేఖ మాత్రం పంపింది. దానికీ చట్టంలో చోటుంది.

సాయంత్రం ఆయన మెట్లు దిగుతుంటే మెత్తనాయన ఎదురెక్కుతున్నాడు. పక్కకి తప్పుకుని దారిచ్చాడు కూడా.

"గుర్తొచ్చిందన్నమాట," అన్నాడు నవ్వి.

ఆ నవ్వు చాలు, రెండు రోజులు ఆలోచించక్కర్లేకుండానే అర్థమైంది. మర్నాటి నుంచి ఆయన బల్ల దగ్గర ఎవరూ ఆగలేదు. టీ ఆవిడ కప్పు పెట్టి మాట్లాడకుండా వెళ్ళిపోయింది. విచారణ జరుగుతుందని, వారాంతంలో బాధ్యతలు అప్పగించి వెళ్ళాలని కాగితం వచ్చింది. ఇంట్లో భార్యకు సంగతి తెలిసింది. బడికి సెలవు పెట్టి, కూతురిని తనే లేబుకి తీసుకెళ్ళి తనే తీసుకొస్తోంది. వీధి మలుపులో తెలియని బండి కనిపిస్తే ముగ్గురూ ఒకేసారి మాట ఆపేస్తున్నారు. ఎప్పుడు వస్తారో, ఎవరి కోసం వస్తారో తెలియదు. వస్తారని మాత్రం తెలుసు.

ఇంత భయంలోనూ ఒక వింత జరిగింది. బుధవారం పొద్దున గడ్డం గీసుకుంటూ అద్దంలో తన ముఖం కాస్తసేపు చూసుకున్నాడు. ఒక మనిషిని కాపాడాను అన్న మాట లోపల మెల్లగా తలెత్తింది. యాభై మూడేళ్ళ జీవితంలో తన గురించి అలాంటి మాట ఆయన ఎన్నడూ అనుకోలేదు. సిగ్గేసింది, బాగా కూడా అనిపించింది. ఆ రోజు లిఫ్టు ఎక్కుదామా అని కూడా ఒక క్షణం ఆలోచించాడు.

పదకొండింటికి ఆమె వచ్చింది. దేశం వదిలి వెళ్ళే రాయబార ఉద్యోగులు తమ గుర్తింపు కార్డు ఆ కిటికీలో తిరిగి ఇచ్చేయాలి. ఆమెకు కార్డు ఇచ్చేదాకా వ్యవహారం రానేలేదు గనక, కార్డు అందలేదని రిజిస్టరులో సంతకం పెట్టాలి. వాళ్ళ కార్యాలయం పెద్దాయన వీధిలో కారు పక్కన నిలబడి గడియారం చూసుకుంటున్నాడు. కిటికీలోంచి చూడగానే నాలుగ్గంటలాయన లేచి నిలబడ్డాడు. ఆమె కుడిచెయ్యి వేళ్ళ నుంచి మోచేతి దాకా తెల్లటి కట్టు. ఒక కన్ను సగమే తెరుచుకుంటోంది.

"నిజం చెప్పింది మీరేనని మావాళ్ళు చెప్పారు," అంది. "మీకు కృతజ్ఞతలు చెప్పాలని నేనే వచ్చాను. ముందు ఈ సంతకం పని అయిపోనివ్వండి."

ఆయన రిజిస్టరు కిటికీలోంచి తోసి, ఎక్కడ పెట్టాలో వేలితో చూపించాడు. ఆమె పెన్ను ఎడమచేత్తో పట్టుకుని, ఒక్కో అక్షరం కష్టపడి గీసింది. గీస్తూ, తల ఎత్తకుండా, నన్ను పట్టుకెళ్ళినట్టు మీకు ఎప్పుడు తెలిసింది అని అడిగింది. ఊరికే అడిగింది, అందులో ఏ అనుమానమూ లేదు. సోమవారం అనవచ్చు. ఆమెకు తెలిసే దారి లేదు.

"శుక్రవారం పొద్దున, అమ్మా."

పెన్ను ఆగింది.

"శుక్రవారం మధ్యాహ్నం దాకా నన్నెవరూ ముట్టుకోలేదు," అంది ఆమె, మాటలు ఒక్కొక్కటే కూర్చుకుంటూ. "కుర్చీ ఇచ్చారు. టీ కూడా ఇచ్చారు. నేను నిజంగా ఉద్యోగినో కాదో కనుక్కోవడానికి ఒక మనిషి వెళ్ళాడు, ఆయన వచ్చేదాకా ఆగుదాం అని అనుకున్నారు."

ఆయన కిటికీ చువ్వలు రెండు చేతులా పట్టుకున్నాడు. ఎవరూ అడగలేదు ఈసారి. బెదిరించినవాళ్ళూ లేరు, పెన్ను మూత తీసినవాళ్ళూ లేరు.

"ఆ మనిషి వచ్చింది నా దగ్గరికే. గుర్తు లేదని చెప్పాను," అన్నాడు.

ఆమె తల ఎత్తి ఆయన్ని చూసింది. తర్వాత తల వంచి, మిగిలిన అక్షరాలు పూర్తి చేసి, పెన్ను రిజిస్టరు మీద పెట్టి, వీధిలో నిలిచి ఉన్న కారు వైపు నడిచింది. చెప్పాలని వచ్చిన మాట చెప్పలేదు.